కత్తికన్నా ముందు కాపలా

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీని మీలో చాలామంది చూసే ఉంటారు. చార్మినారు దగ్గర బయలుదేరి, పత్తర్‌గట్టీ, మదీనా దాటి, నయాపుల్ మీదుగా మూసీనది అవతలికి వెళితే అఫ్జల్‌గంజ్ వస్తుంది. అక్కడే, నది ఒడ్డున, పెద్ద పెద్ద గుమ్మటాలతో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి పాత భవనం కనబడుతుంది. ఆ ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. ఆ చెట్టుకు ఒక కథ ఉంది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి పెనువరద వచ్చింది. వంతెనలు తెగాయి. పేటలకు పేటలే కొట్టుకుపోయాయి. వేలమంది చనిపోయారు. అంతకుముందు అక్కడ ఉండే అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా ఆ వరదలోనే నాశనమైంది. ఆనాడు సుమారు 150 మంది ఈ చింతచెట్టెక్కి, కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు.

వరదలో చెట్టు ప్రాణం కాపాడుతుంది, నిజమే. కాని ఎప్పుడు? నీళ్ళు మెడదాకా రాకముందే ఎక్కినప్పుడు. నీటిలో కొట్టుకుపోతున్నవాడికి అదే చెట్టు కళ్ళ ముందే ఉన్నా అందదు.

సరిగ్గా ఇలాంటి సంగతే వైద్యశాస్త్రంలో ఒకటి ఉంది. మందు అదే, మోతాదు అదే, రోగి అతడే. అయినా ఇచ్చిన వేళను బట్టి ఒకప్పుడు ప్రాణం కాపాడుతుంది, ఒకప్పుడు ఎందుకూ కొరగాదు. ఆ వేళను డాక్టర్లు ఎలా కనిపెట్టారో ఈ నెల తెలుసుకుందాం.

నొప్పి పోయింది, చీము మిగిలింది

ఆ వరదకు 20 ఏళ్ళ ముందు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పేరు ప్రపంచమంతా వినబడింది. అప్పట్లో ఆపరేషను చేసే ముందు రోగికి క్లోరోఫారం అనే మత్తుమందు పీల్పించేవారు. దానితో నొప్పి తెలియదు. కాని కొందరు ఆ మత్తులోనే హఠాత్తుగా చనిపోయేవారు. ముందుగా ఆగేది గుండా, ఊపిరా? ఈ ప్రశ్న తేల్చడానికి ఎడ్వర్డ్ లారీ అనే ఆంగ్లేయ డాక్టరు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సాయంతో, 1888లోను, మళ్ళీ 1889లోను 'హైదరాబాదు క్లోరోఫారం కమిషన్'లను నడిపాడు. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు కూడా వచ్చాడు. ఆ రోజుల్లో మత్తు ఇవ్వడంలో చేయితిరిగిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడే వైద్యం చదువుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె ఒకరు.

కమిషన్ ఏమని తేల్చింది? ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు భయం లేదు అని. ఇందులో సగమే నిలిచింది. క్లోరోఫారం గుండెనూ ఆపగలదని తరువాతి పరిశోధకులు రుజువు చేశారు. పరీక్షించి చూడటం, తప్పుంటే మళ్ళీ పరీక్షించి దిద్దుకోవడం శాస్త్రం పద్ధతి. ఈ వ్యాసంలో ఆ పద్ధతి మనకు ఇంకా రెండు మూడు చోట్ల ఎదురవుతుంది.

సరే, మత్తుమందుతో నొప్పి పోయింది. కాని రోగులు ఆపరేషను బల్లమీద బతికి, వారం తిరక్కుండా మంచంమీద చనిపోయేవారు. కోసిన చోట చీము పట్టేది. మనవాళ్ళు 'సెప్టిక్ అయింది' అంటారే, అదే. కంటికి కనిపించని సూక్ష్మజీవులే దీనికి కారణమని గ్రహించి, 1867లో జోసెఫ్ లిస్టర్ అనే ఆంగ్లేయ సర్జన్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రం చేసే పద్ధతిని ప్రకటించాడు. ఆ తరువాత కత్తులను, గుడ్డలను ఆవిరిలో ఉడకబెట్టడం, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవడం వచ్చాయి. బయటి నుంచి వచ్చే క్రిములకు తలుపు మూసుకుంది.

కాని క్రిములు లోపలే ఉంటే?

తాతగారి జబ్బు

లాడ్ బజారులో గాజుల దుకాణం నడిపే ఒక తాతగారిని ఊహించుకుందాం. కొన్ని నెలలుగా ఆయనకు నీరసం. విరేచనంలో రక్తం పడుతోంది. మొలలేమోలే అని ఊరుకున్నారు. ఇంట్లోవాళ్ళు బలవంతం మీద ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. డాక్టర్లు సన్నని గొట్టం లాంటి పరికరంతో పెద్దపేగు లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్షించి, కాన్సరు అని చెప్పారు.

కాన్సరు అంటే అంటుజబ్బు కాదు. మన శరీరంలోని కణాలే అదుపు తప్పి, అవసరం లేకపోయినా పెరుగుతూ పోవడం. పెద్దపేగులో ఇది చాలావరకు లోపలి గోడమీద మొలిచే చిన్న పిలకల నుంచి మొదలై ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. తొందరగా కనిపెడితే, ఆ భాగం కోసి తీసివేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టవచ్చు. తెగిన గొట్టాన్ని కత్తిరించి అతికినట్టే.

తాతగారికి ఏడో తరగతి చదివే మనవరాలు ఉంది. ప్రశ్నలు వేయడంలో దిట్ట.

"డాక్టరమ్మా, కత్తులన్నీ ఉడకబెడతారు కదా. మరి తాతయ్యకు చీము పడుతుందేమోనని ఎందుకు భయపడుతున్నారు?" అని అడిగింది.

డాక్టరమ్మ నవ్వింది. "కత్తిని ఉడకబెట్టవచ్చునమ్మా. పేగును ఉడకబెట్టలేం కదా!" అన్నది.

ఒక్క గ్రాములో పదివేల కోట్లు

మన పెద్దపేగు పొడవు సుమారు 5 అడుగులు. దానిలో ఉండే బాక్టీరియా ఎన్నో తెలుసా? ఒక్క గ్రాము మలంలో సుమారు పదివేల కోట్లు! భూమిమీద ఉన్న మనుషులందరికన్నా పది రెట్లు ఎక్కువ, ఒక చిటికెడు పదార్థంలో.

అవన్నీ మనకు శత్రువులు కావు. మనం అరిగించుకోలేని పీచుపదార్థాన్ని అవి అరిగిస్తాయి. కె విటమిన్ తయారుచేస్తాయి. చెడ్డ క్రిములకు చోటు లేకుండా చేస్తాయి. పేగుగోడ లోపల ఉన్నంతవరకు అవి మంచి అద్దెదారులు. కాని సర్జన్ కత్తి పెట్టి పేగును తెరిచినప్పుడు, ఎంత జాగ్రత్తపడినా, కొన్ని క్రిములు కడుపులోకీ, కోసిన కండలోకీ, చర్మం గాటులోకీ రాలుతాయి. అక్కడ వాటిని ఆపే గోడ లేదు. వెచ్చదనం ఉంది, తేమ ఉంది, ఒలికిన రక్తం రూపంలో తిండి ఉంది. ఇక వాటికి పండగే.

ఫలితం? గాయం ఎర్రబడి వాచి చీము కారుతుంది. ఇంకా లోతుకు పాకితే కడుపులో చీముగడ్డలు లేస్తాయి. క్రిములు రక్తంలో చేరితే ప్రాణానికే ముప్పు. ముందుజాగ్రత్త మందు లేకుండా పెద్దపేగు ఆపరేషను చేస్తే నూటికి సుమారు 39 మందికి గాయం చీము పట్టేదని తరువాత లెక్కలు కట్టారు. అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు ఇద్దరికి!

మందు దొరికింది, వేళ దొరకలేదు

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజు నుంచి వచ్చే పదార్థం క్రిములను చంపుతోందని గమనించాడు. అదే పెన్సిలిన్. 1940 తరువాత ఫ్లోరీ, చెయిన్ బృందం దాన్ని మందుగా మార్చింది. ఇలా సూక్ష్మజీవుల నుంచే పుట్టి, ఇతర సూక్ష్మజీవులను అణిచే మందులను యాంటీబయాటిక్స్ అంటాం.

ఈ కథలో మన తెలుగువాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో చనిపోయారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్ళినందుకు ఆంగ్లేయ ఆచార్యుడి కోపానికి గురయ్యారని చెబుతారు. తరువాత అమెరికా వెళ్ళి, లెడర్లీ పరిశోధనశాలకు పరిశోధన డైరెక్టరు అయ్యారు. ఆయన నాయకత్వంలోనే, బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందును రాబట్టాడు. దానికి 'ఆరియోమైసిన్' అని పేరు పెట్టి 1948లో ప్రకటించారు. పెన్సిలిన్‌కు లొంగని పేగు క్రిములు కొన్ని దీనికి లొంగాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఇన్ని మందులు చేతికొచ్చాయి కదా, ఇక ఆపరేషను తరువాత చీము అనేదే ఉండదని అందరూ అనుకున్నారు. 1950ల్లో చాలామంది సర్జన్లు ఆపరేషను ముగించి, కుట్లు వేసి, రోగిని వార్డుకు పంపాక యాంటీబయాటిక్ ఇంజక్షన్లు మొదలుపెట్టేవారు. రోజుల తరబడి ఇచ్చేవారు. కాని చీము తగ్గలేదు! మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే అన్నట్టు ఉండేది. "ఈ మందులు జబ్బు నయం చేయడానికే తప్ప, రాకుండా ఆపడానికి పనికిరావు" అని కొందరు పెద్ద డాక్టర్లు తేల్చేశారు.

తప్పు మందుదా, వేళదా?

రెండు గ్లాసుల పాలు

ఈ ప్రశ్నకు జవాబు మీ వంటింట్లోనే వెతకవచ్చు. అమ్మనడిగి ఈ ప్రయోగం చేయండి.

గోరువెచ్చని పాలు మూడు చిన్న గ్లాసుల్లో పోయండి. మూడింటిలోనూ అర చెంచా పెరుగు తోడు వేసి కలపండి. మొదటి గ్లాసును వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. రెండోదాన్ని, మూడోదాన్ని వంటింటి గట్టుమీదే ఉంచండి. ఆరేడు గంటల తరువాత, పెరుగు తోడుకున్నాక, రెండో గ్లాసునూ ఫ్రిజ్‌లో పెట్టండి. మరో రెండు గంటలాగి మూడు గ్లాసులూ చూడండి.

వెంటనే ఫ్రిజ్‌లో పెట్టింది ఇంకా పాలలాగే ఉంటుంది. ఆలస్యంగా పెట్టింది పెరుగే. మూడోది కూడా పెరుగే. రెండో గ్లాసుకూ అదే ఫ్రిజ్, అదే చలి. కాని తోడుకున్న పెరుగును చలి మళ్ళీ పాలుగా మార్చలేకపోయింది.

పెరుగు తోడులో ఉండేవీ బాక్టీరియాలే. చలి వాటిని చంపదు, మందగింపజేస్తుంది. యాంటీబయాటిక్ పని వేరే విధంగా ఉంటుంది. కాని వేళ విషయంలో రెండింటికీ ఒకటే న్యాయం. అడ్డుకోవలసింది మొదట్లోనే.

ఎందుకో చిన్న లెక్క వేసి చూద్దాం. అనుకూలమైన చోట ఒక పేగు బాక్టీరియా సుమారు 20 నిమిషాలకు రెండవుతుంది. గంటకు మూడుసార్లు. మూడు గంటలకు తొమ్మిదిసార్లు. ఒకటి రెండై, రెండు నాలుగై, అలా తొమ్మిదిసార్లు రెట్టింపైతే 512! అంతేకాదు, కోసిన చోట రక్తం గడ్డకడుతుంది, చుట్టూ వాపు వస్తుంది. అప్పుడు రక్తంలో వచ్చే మందు ఆ మూలకు సరిగా చేరలేదు. కోట తలుపు మూసుకున్నాక సైన్యం వచ్చినట్టు.

గినీపందుల సాక్ష్యం

ఈ సంగతిని పద్ధతిగా పరీక్షించినవాడు అమెరికాలోని బోస్టన్‌కు చెందిన జాన్ బర్క్ అనే సర్జన్. 1961లో ఆయన ఫలితాలు అచ్చయ్యాయి. గినీపందుల చర్మంలోకి చీము పుట్టించే క్రిములను ఎక్కించాడు. కొన్నింటికి క్రిములకన్నా ముందే మందు ఇచ్చాడు. కొన్నింటికి అదే సమయంలో, కొన్నింటికి గంట తరువాత, కొన్నింటికి ఇంకా ఆలస్యంగా ఇచ్చాడు. మరునాడు వాపు ఎంతుందో కొలిచాడు.

ముందే మందు అందినవాటిలో వాపు దాదాపు లేదు. ఆలస్యమైనకొద్దీ వాపు పెరిగింది. మూడు గంటలు దాటాక ఇచ్చిన మందు, ఇవ్వని మందుతో సమానమే అయింది!

అంటే 1950ల్లో డాక్టర్లు తప్పు మందు ఇవ్వలేదు. తప్పు వేళకు ఇచ్చారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వారన్నమాట.

మనుషుల్లో నిజమేనా?

గినీపందిలో నిజమైంది మనిషిలోనూ నిజం కావాలని లేదు. అందుకే మళ్ళీ పరీక్ష. 1969లో అమెరికాలో హిరమ్ పోక్, లోపెజ్-మేయర్ అనే ఇద్దరు డాక్టర్లు కడుపు, పేగుల ఆపరేషను చేయించుకునే రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అసలు మందు, రెండో జట్టుకు మందు లేని ఉత్త సూది. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. ఎందుకీ దాపరికం? తెలిస్తే మనసు ఒక పక్షానికి మొగ్గుతుంది కనుక. చివరకు చీటీలు విప్పి చూస్తే, ఆపరేషనుకు ముందు అసలు మందు పడినవారిలో గాయం చీము పట్టడం బాగా తగ్గింది.

ఆ తరువాత ఇలాంటి పరీక్షలు చాలా జరిగాయి. 1965 నుంచి 1980 వరకు వచ్చిన 26 పరీక్షల ఫలితాలను 1981లో కొందరు పరిశోధకులు ఒకచోట చేర్చి లెక్కగట్టారు. పెద్దపేగు ఆపరేషనులో మందు అందనివారిలో నూటికి సుమారు 11 మంది చనిపోయారు. మందు అందినవారిలో నూటికి నలుగురైదుగురు మాత్రమే. ఇక మీదట పరీక్ష కోసం ఎవరికీ ఉత్త సూది ఇవ్వకూడదు, అది అన్యాయం అని వారు రాశారు. ఆలోచించండి పిల్లలూ! జవాబు తెలిశాక కూడా పరీక్షలు చేస్తూపోతే, ఉత్త సూది పడిన జట్టులో ఉన్నవారు ఎవరి తాతయ్యలో, ఎవరి అమ్మలో కదా.

2014 నాటికి ఇలాంటి పరీక్షలు 260 అయ్యాయి. వాటిలో పాల్గొన్న రోగులు 43 వేలకు పైగా. అన్నీ కలిపి చూస్తే తేలిందేమిటంటే, మందు లేకుంటే నూటికి 39 మందికి గాయం చీము పడితే, ముందుజాగ్రత్త మందుతో అది 13కు దిగుతుంది.

మరి ఎంత ముందు ఇవ్వాలి? 1992లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో రకరకాల ఆపరేషనులు చేయించుకున్న 2,847 మంది లెక్కలు ప్రకటించారు. గాటు పెట్టడానికి ముందు రెండు గంటల లోపల మందు అందినవారిలో వెయ్యికి 6 మందికే చీము పట్టింది. గాటు పెట్టిన మూడు గంటల లోపల అందినవారిలో వెయ్యికి 14 మందికి. అంతకన్నా ఆలస్యంగా అందినవారిలో 33 మందికి. చిత్రమేమిటంటే, మరీ ముందుగా, అంటే రెండు గంటలకన్నా ముందే ఇచ్చినవారిలో 38 మందికి! ఎందుకు? మూత్రపిండాలు మందును వడగట్టి బయటికి పంపేస్తాయి. కాపలావాడు దొంగ రాకముందే డ్యూటీ దిగి వెళ్ళిపోయినట్టు.

గాలి గిట్టని క్రిములు

పేగు విషయంలో ఇంకో చిక్కు ఉంది. అక్కడి క్రిములలో అత్యధిక భాగం ప్రాణవాయువు గిట్టనివి. గాలి తగిలితే పెరగవు. అందువల్ల మామూలు పద్ధతిలో ప్రయోగశాలలో పెంచితే అవి కనిపించేవి కావు. కనిపించనిదానికి మందు ఎవరిస్తారు? గాలి లేకుండా పెంచే పద్ధతులు మెరుగుపడ్డాకనే వీటి సైన్యం ఎంత పెద్దదో బయటపడింది.

వీటికి విరుగుడు మనకు బాగా తెలిసిన మందే. జిగట విరేచనాలకు డాక్టర్లు ఇచ్చే చేదు మాత్ర ఉంది కదా, మెట్రొనిడజోల్. మొదట ఏకకణ జీవుల కోసం వచ్చిన ఈ మందు గాలి గిట్టని బాక్టీరియానూ చంపుతుందని 1962లో తెలిసింది. ఇది ఒక రకం క్రిములను చూసుకుంటే, గాలిలో కూడా బతికే రకాలను సెఫజోలిన్ వంటి మందు చూసుకుంటుంది. సెఫజోలిన్ వంశం ఎక్కడ పుట్టిందో తెలుసా? 1945లో ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో, మురుగునీరు సముద్రంలో కలిసేచోట, జుసెప్పే బ్రోట్జు అనే శాస్త్రవేత్తకు దొరికిన బూజు నుంచి. మురుగు క్రిములకు మందు మురుగులోనే దొరికింది!

తాతగారి గడియారం

ఇక మన తాతగారి దగ్గరకు వద్దాం. ఆయన ఆపరేషను రేపు ఉదయం.

ముందురోజు మధ్యాహ్నం ఆయనకు పేగు ఖాళీ కావడానికి విరేచనాల మందు ఇచ్చారు. దానితోపాటు పేగులోనే ఉండి పనిచేసే యాంటీబయాటిక్ మాత్రలూ ఇచ్చారు. 1970ల్లో అమెరికాలో నికల్స్, కాండన్ అనే డాక్టర్లు నియోమైసిన్, ఎరిత్రోమైసిన్ మాత్రలతో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఊడ్చినా పోని క్రిములను మాత్రలు తగ్గిస్తాయి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ రెండూ కలిపి ఇవ్వడం మంచిదని చెప్పింది. విరేచనాల మందు ఒక్కటే ఇస్తే చాలదని కూడా చెప్పింది.

తాతగారికి ఉదయం పాలు పోసిన చాయ్ లేదన్నారు. అదొక్కటే ఆయనకు కష్టం తోచింది. పొట్టమీది వెంట్రుకలను బ్లేడుతో గీయలేదు. బ్లేడు చర్మాన్ని కంటికి కనిపించనంతగా చీరుతుంది, ఆ చీలికల్లో క్రిములు చేరతాయి. తీయక తప్పకపోతే చిన్న మిషనుతో కత్తిరిస్తారు.

ఆపరేషను థియేటరులో మత్తు డాక్టరు సెఫజోలిన్, మెట్రొనిడజోల్ రెండూ నరంలోకి ఎక్కించాడు. గాటు పెట్టబోయే ముందు నర్సమ్మ చేతిలో పట్టిక పట్టుకుని గట్టిగా అడిగింది. "యాంటీబయాటిక్ గడచిన 60 నిమిషాల లోపల ఇచ్చారా?" "ఇచ్చాం" అని జవాబు వచ్చాకనే సర్జన్ కత్తి అందుకున్నాడు. ఈ పట్టికను 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. ఎంత పెద్ద డాక్టరైనా మరిచిపోవచ్చు, పట్టిక మరిచిపోదు.

ఆపరేషను ఆలస్యమైంది. నాలుగు గంటలు దాటింది. సెఫజోలిన్ రక్తంలో సుమారు రెండు గంటలకు సగమవుతుంది. నాలుగు గంటలకు ఎంత మిగులుతుంది? నాలుగో వంతు. అందుకే మత్తు డాక్టరు గడియారం చూసి మరో మోతాదు ఇచ్చాడు.

సాయంత్రం మనవరాలు అడిగింది. "డాక్టరమ్మా, ఇంకా ఎన్ని రోజులు ఇస్తారు ఆ మందు?"

"ఇక ఇవ్వనమ్మా."

"అయ్యో! ఇంకో వారం ఇస్తే ఇంకా మంచిది కదా?"

కాపలావాడిని ఎప్పుడు పంపాలి?

మనవరాలిలాగే చాలామంది పెద్దవాళ్ళూ అనుకుంటారు. కాని పరీక్షలు వేరే మాట చెబుతున్నాయి. ఆపరేషను ముగిశాక రోజుల తరబడి ఇచ్చినందువల్ల చీము ఇంకా తగ్గదు. పైగా నష్టం ఉంది. మందు మంచి, చెడు తేడా చూడదు. పేగులోని మంచి అద్దెదారులనూ చంపుతుంది. ఖాళీ అయిన ఇంట్లో మొండి క్రిములు దూరి, తీవ్రమైన విరేచనాలు పట్టిస్తాయి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. వందకోట్ల క్రిములలో మందుకు లొంగనిది ఒక్కటి ఉందనుకోండి. మిగిలినవన్నీ చస్తే, ఆ ఒక్కటే పిల్లలను పెడుతుంది. ఆ పిల్లలూ మందుకు లొంగవు. అవసరం లేకుండా వాడిన ప్రతి యాంటీబయాటిక్ మొండి క్రిములకే ఎరువు. ఇలా సెఫజోలిన్ వంటి మందులు పనిచేయకుండా పోతే, తాతగారి వంటివారికి గాటు పెట్టే ముందు ఏ కాపలావాడిని నిలబెట్టాలి? మత్తుమందు ఉంటుంది, ఉడకబెట్టిన కత్తి ఉంటుంది. కాని పెద్దపేగు ఆపరేషను అంటే మళ్ళీ అయిదుగురిలో ఇద్దరికి చీము పట్టే రోజులు వస్తాయి.

ఇందులో మీ పని కూడా ఉంది, పిల్లలూ. ఇంట్లో మందుల పెట్టె తెరిచి చూడండి. కొన్ని మాత్రల అట్టల మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం. యాంటీబయాటిక్స్ మీది ఆ గీత గురించి ప్రజలకు చెప్పడానికి 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచారం మొదలుపెట్టింది. జలుబుకో, గొంతునొప్పికో ఎవరైనా పక్కింటివారి దగ్గర అలాంటి మాత్ర అడిగి తెస్తుంటే, ఆ గీత చూపించండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. అయితే డాక్టరు రాసి ఇచ్చిన మందును మాత్రం చెప్పిన వేళకు, చెప్పినన్ని రోజులు వాడాలి. మీ అంతట మీరు మానకూడదు, పొడిగించకూడదు.

తాతగారు పది రోజులకు ఇంటికి వచ్చారు. గాయం పొడిగా మానింది. దుకాణం గద్దెమీద కూర్చుని, మొదటి కప్పు చాయ్ తాగుతూ మనవరాలిని అడిగారు. "ఇంతకీ నన్ను బతికించింది సర్జన్ కత్తా, ఆ సూదిమందా?"

"రెండూ కాదు తాతయ్యా," అన్నది మనవరాలు. "కత్తి జబ్బు తీసింది. మందు చీము ఆపింది. కాని మందుకు వేళ చెప్పింది గడియారం!"

ఈసారి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్ళినప్పుడు ఆ చింతచెట్టును చూసి రండి. పాత ఆసుపత్రి భవనంలోకి 2020 జూలైలో వాననీరు రావడంతో దాన్ని ఖాళీ చేశారు. చెట్టు మాత్రం ఉంది. 1908లో ఆ కొమ్మలు ఎంత ఎత్తున ఉండేవో, వాటిని అందుకోవడానికి ఎంత వేళ మిగిలి ఉండేదో దాని కింద నిలబడి ఊహించండి.